బిల్లులో లేని పైవాటా

మా ఆవిడ ఈ చలికాలం చివర్లో పోయింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. పన్నెండో రోజు ఉదయం నేను కింద హోటల్లో ఇడ్లీ పొట్లం కట్టించుకుంటుండగా పైనుంచి ఫోన్ వచ్చింది. ఆ పొట్లం ఎక్కడ వదిలేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఆఫీసువాళ్ళు విజయవాడ భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. డెల్టాలో, కాలవ పక్కనున్న ఒక చిన్న పట్నంలో ఆమె మునిసిపాలిటీ ఉద్యోగి. ఇంటి పన్ను వసూలు చేసే బిల్ కలెక్టరుగా చేరి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు అయింది. రోజూ విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేది. వచ్చినవాళ్ళలో ఒకాయన దండ వేసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మార్చి వస్తోంది సార్. మేడమ్ లేకుండా కలెక్షన్ ఎట్లాగో అర్థం కావట్లేదు" అన్నాడు.

పక్కనున్నావిడ ఆయన్ని మోచేత్తో పొడిచింది. నాకు కోపం రాలేదు. ఆ రోజు విన్న ఓదార్పుల్లో ఆ ఒక్క మాటే నిజంగా ఆమె గురించి అన్నట్టు అనిపించింది.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. ఆటోనగర్‌లో నాకు లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉంది. పొద్దున్నే షట్టరు తీస్తాను. పది నిమిషాలు కూర్చుంటాను. లేచి బజారు చివరిదాకా నడిచి వస్తాను. ఎవరో బేరింగు అడుగుతారు, ఇస్తాను, మళ్ళీ లేస్తాను. దిగులు వల్ల అంటున్నారు అందరూ. కొంత నిజమే. ఇంకో కారణం ఉంది. ఆమె బతికుండగా చేస్తానన్న పని ఒకటి నేను చేయలేదు. ఆ సంగతి చెప్పకుండా ఆమెని గురించి రాస్తే అది సగం రాసినట్టే.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. మార్చి నెలలో, పన్ను కట్టనివాళ్ళ గుమ్మం ముందు డప్పు కొట్టించేవాళ్ళు. ఇంటాయన పేరు, ఎన్నేళ్ళ బాకీ, గట్టిగా చదివేవాళ్ళు. సిగ్గుకి జడిసి సాయంత్రానికి కట్టేసేవాళ్ళు చాలామంది. పై అధికారులకి ఆ పద్ధతి మహా ఇష్టం. ఖర్చు లేదు, కోర్టు లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె అట్లాగే ఒక ఇంటి ముందు డప్పు కొట్టించింది. ఆ ఇంట్లో ఉండేది మిషను కుట్టుకునే ఒక ఒంటరావిడ. ఆవిడ బయటికి వచ్చి పన్ను కట్టిన రసీదు చూపించింది. ఊళ్ళో ఇళ్ళకి కొత్త డోర్ నంబర్లు వేసిన ఏడాది అది. ఆవిడ కట్టిన పన్ను పాత నంబరు కింద జమయింది. బాకీల జాబితా కొత్త నంబరుతో తయారయింది. మా ఆవిడ జాబితా ఒక్కటే చూసింది. పాత రిజిస్టరు తిప్పలేదు.

డప్పు ఆగింది. మిషనావిడ గుమ్మంలోనే నిలబడి, "ఆపారేంటమ్మా? కొట్టండి. కట్టలేదని వీధంతా వినిందిగా. కట్టిందని కూడా వినాలిగా" అంది.

వెంట ఉన్న గుమాస్తా "పోదాం రండి మేడమ్" అని చెవిలో అన్నాడట. ఆమె కదల్లేదు. డప్పు కొట్టే మనిషిని మళ్ళీ కొట్టమంది. ఈ ఇంటివారు పన్ను కట్టారు, తప్పు ఆఫీసుది, చూసుకోకుండా చాటించింది నేను అని తనే గట్టిగా అంది. ఆ సంగతి ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు నవ్వాను.

"ఆఫీసరమ్మవి. నడివీధిలో తప్పు ఒప్పుకుంటే రేపు నీ మాట ఎవరు వింటారు?" అన్నాను.

"ఇవాళ ఒప్పుకోకపోతే రేపు నేను చెప్పేది నిజమని ఎట్లా నమ్ముతారండీ?" అంది.

ఆ తర్వాత ఆమె పని తీరు మారింది. ఏ ఇంటికైనా మొదటిసారి వెళ్ళినప్పుడు పన్ను అడిగేది కాదు. అరుగు మీద కూర్చుని, బిల్లు చేతిలో పెట్టి, ఇది ఇంటికి, ఇది నీళ్ళకి, ఇది వీధి దీపాలకి, ఇది గ్రంథాలయానికి అని ఒక్కో గడి మీద వేలు పెట్టి చెప్పేది. మీ వీధిలో ఏం బాగాలేదో చెప్పండి అని అడిగి రాసుకునేది. దీపం వెలగకపోతే దీపం, కాలవ పూడితే కాలవ. చేతనైనది చేయించి, రెండోసారి వెళ్ళినప్పుడు పన్ను అడిగేది. చేయించలేనిది చేయించలేకపోయానని చెప్పేది. బడికి వెళ్ళి పిల్లలకి కూడా చెప్పేది. మర్నాడు ఆ పిల్లల తండ్రులు ఎదురుపడి, "ఏంటి మేడమ్, మా ఇంట్లోనే మాకు శత్రువుల్ని తయారు చేశారు? అన్నం దగ్గర బిల్లు అడుగుతోంది మా అమ్మాయి" అని నవ్వుతూ నిష్ఠూరమాడేవాళ్ళు.

అలాగని మంచి మాటలతోనే పన్నులు వచ్చేస్తాయన్న భ్రమ ఆమెకి లేదు. గడువు దాటితే నోటీసు ఇచ్చేది. నోటీసుకి లొంగకపోతే కుళాయి బంద్ చేయించేది. ఎవరి సిఫార్సు తెచ్చినా వినేది కాదు. ఒకసారి మా పెద్దమ్మ కొడుకే ఎవరి తరఫునో ఫోన్ చేస్తే, "బావగారూ, ముందు డబ్బు కట్టించండి, తర్వాత కాఫీకి రండి" అని పెట్టేసింది.

బస్సు దిగి వచ్చాక కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని ఒక మాట అంటుండేది. "చెప్తే సగంమంది కడతారండీ. మిగతా సగం పక్కింటి వంక చూస్తారు. ఎగ్గొట్టినవాడికి ఏమీ కాలేదనుకోండి, నేను చెప్పిన పాఠమంతా వట్టిది. అప్పుడు కట్టినవాడు కూడా వెర్రివాణ్ణి అయ్యాననుకుంటాడు."

అంత తెలిసిన మనిషి తన ఇంటి బిల్లు ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చాక పన్నుల మాట వద్దని పెళ్ళయిన కొత్తలోనే నేను షరతు పెట్టాను. మన ఇంటి పన్ను నేను చూసుకుంటాను, నువ్వు ఊరి సంగతి చూసుకో అన్నాను. ఆమె సరేనంది. ఊరందరి బిల్లులూ తనిఖీ చేసేది. నన్ను తనిఖీ చేయలేదు.

ఆరేళ్ళ కిందట మా డాబా మీద రెండు గదుల పైవాటా వేశాను. స్లాబుకి ఇంకా నీళ్ళు కడుతుండగానే ఆమె అంది: "కొలతలు ఇచ్చి రండి. బిల్లులో ఎక్కించుకోవాలి."

"ఇస్తాలే" అన్నాను.

రెండు నెలలయ్యాక అడిగింది. "ఇచ్చేశాను" అన్నాను.

ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే పెద్ద కారణం ఏమీ లేదు. మా వీధిలో ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ వచ్చి అడగలేదు. ఆమె చెప్పిన పక్కింటి వంక చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బి.కాం. చదివాను. పన్నంటే ఏమిటో ఆమె నాకు కొత్తగా చెప్పాల్సిన అవసరం లేదు. తెలియక ఎగ్గొట్టినవాణ్ణి కాదు.

పైవాటా ఒక కుర్ర ఇంజనీరుకి అద్దెకిచ్చాను. అద్దె గురించి బేరం ఆడుతూ, "ఇంతకంటే తక్కువకి ఈ ఏరియాలో రాదు బాబూ. పైవాటా అసలు లెక్కలోనే లేదు, అందుకే ఈ రేటు" అని గొప్పగా అన్నాను. అతనికి మా ఆవిడ పనిచేసే ఊళ్ళో మేనమామ ఉన్నాడని నాకు తెలియదు. ఆ మేనమామకి రైసు మిల్లు ఉంది. ఆ ఊళ్ళో పన్ను బాకీల్లో అందరికంటే పెద్ద బాకీ ఆ మిల్లుదే.

పోయినేడాది మార్చిలో ఆమె ఆ మిల్లు మీదికి వెళ్ళాలని నిర్ణయించుకుంది. ఏ వీధికి వెళ్ళినా జనం, "ముందు మిల్లు దగ్గరికెళ్ళి రండమ్మా, తర్వాత మా దగ్గరికి రండి" అంటున్నారని చెప్పింది. మిల్లు కడితే ఊరు కడుతుంది. కట్టకపోతే ఇన్నేళ్ళు అరుగుల మీద చెప్పిందంతా నీళ్ళపాలు. ఆ వారం రాత్రిళ్ళు సరిగా నిద్రపోలేదు. జప్తు నోటీసు మీద కమిషనరు సంతకం తీసుకుని, ఇద్దరు సిబ్బందితో వెళ్ళింది.

మిల్లు యజమాని గేటు దగ్గరే కుర్చీ వేయించాడు. లారీ డ్రైవర్లు, హమాలీలు చుట్టూ ఉన్నారు.

"కూర్చోండమ్మా. ఎండన పడి వచ్చారు. మజ్జిగ తెప్పించమంటారా?" అన్నాడు. నోటీసు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కడతాం లెండి. అన్నట్టు, భవానీపురంలో మీ పైవాటాకి ఎంత కడుతున్నారండీ?"

"ఎంత రాస్తే అంత కడుతున్నామండీ" అంది ఆమె.

"ఒకసారి బిల్లు చూసుకోండమ్మా" అన్నాడు. ఎవరో నవ్వారు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "మన ఇంటి బిల్లేదీ?" అంది.

నాకు అర్థమైంది. బీరువా అంతా వెతికినట్టు నటించి తెచ్చి ఇచ్చాను. ఊళ్ళో బిల్లులు చూసినట్టే చూసింది. ముందు నంబరు, తర్వాత విస్తీర్ణం. వేలు అక్కడ ఆగింది.

"ఇందులో మేడ లేదు."

"ఎక్కిద్దాంలే."

"ఇచ్చానన్నారు."

ఆమె బిల్లు మడిచి టేబుల్ మీద పెట్టింది.

"ఇవాళ నలుగురిలో నాతో అబద్ధం ఆడించారండీ" అంది.

అంతే. అరవలేదు. ఏడవలేదు. నాకు అన్నం వడ్డించి, తను పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచింది. మర్నాడు రోజూ ఎక్కే బస్సు కంటే ముందు బస్సుకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి ఒక్క మాట చెప్పింది: "ఆ ఫారం నేను నింపను. నేను చెప్పాననీ ఇవ్వకండి. మీకు ఇవ్వాలనిపించినప్పుడు మీరే ఇవ్వండి."

ఆ రోజు మిల్లు దగ్గర ఏం జరిగిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. తెల్లారితే ఊళ్ళోవాళ్ళని పదిసార్లు అడిగే మనిషి, నన్ను మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. నేను రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను. పాత ఏళ్ళ బాకీ ఎంత పడుతుందో అని ఒక వంక. ఆరేళ్ళు ఏం చేశారని అక్కడ ఎవరైనా నిలదీస్తే నామోషీ అని ఒక వంక. ఆమె అడగకపోవడం నాకు సుఖంగా ఉండాలి. కానీ రోజూ ఆమె చెప్పుల చప్పుడు వినగానే లేచి నిలబడేవాణ్ణి. ఏదో ఒక పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. ఈ కుదురులేనితనం ఆమె పోయాక వచ్చింది కాదు. అప్పుడే మొదలయింది.

తర్వాత జబ్బు. ఆసుపత్రిలో నాలుగో రోజు, "ఫారం ఇచ్చేస్తాను" అన్నాను. ఆమె నా వైపు చూసి, "ముందు మీరు వెళ్ళి ఏమన్నా తినండి" అంది.

పెద్ద కర్మ అయిన మర్నాడు టేపు తీసుకుని పైకెక్కాను. ఇంజనీరు అప్పటికే ఖాళీ చేశాడు. ఒక్కణ్ణే కొలిచాను. ఒక చివర రాయి పెట్టి, రెండో చివర పట్టుకుని నడిచాను. రాయి జారింది. మళ్ళీ పెట్టాను. వార్డు సచివాలయంలో ఫారం ఇచ్చాను. వారంలో ఒక అమ్మాయి తనిఖీకి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో.

"కంప్లెయింట్ ఎవరు పెట్టారండీ మీ మీద?" అంది.

"ఎవరూ పెట్టలేదమ్మా."

"మరి మీ అంతట మీరే ఇచ్చారా?" కాగితం మళ్ళీ చూసుకుంది. "ఎప్పుడు కట్టారండీ ఇది?"

"ఆరేళ్ళయింది."

"ఇన్నాళ్ళూ ఏం చేశారండీ మరి?"

అదే ప్రశ్న. దానికి భయపడే ఏడాది గడిపాను. ఆ అమ్మాయి జవాబు కోసం ఆగలేదు. టేపు ఒక కొన నా చేతికిచ్చి, "గట్టిగా పట్టుకోండి, అంకుల్" అంది.

ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. ఆ అమ్మాయి వెళ్ళగానే వచ్చాడు. మాకు దూరపు చుట్టం కూడా.

"ఏంటి బావగారూ ఇది? మీ మేడ కొలవడానికొచ్చినవాళ్ళకి మా మేడ కనపడదా? వీధి వీధంతా ముంచుతారా?"

"నీ మేడ సంగతి నేనేం చెప్పలేదు బావా."

"చెప్పక్కర్లేదు. కళ్ళు లేవా వాళ్ళకి? అక్కయ్య పోయిన దుఃఖంలో ఉన్నారు కదా అని ఊరుకుంటున్నా."

అప్పటినుంచి ఆయన నా వంక చూడటం లేదు. వాళ్ళావిడ మాత్రం ఒక సాయంత్రం గోడ మీదుగా, "అన్నయ్యగారూ, ఆ ఫారం ఎక్కడిస్తారంటారు?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. ఇచ్చారో లేదో తెలియదు.

పాత బాకీతో సహా కట్టాను. కట్టాక మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఆ రసీదు చూడాల్సిన మనిషి లేదు. షట్టరు తీయడం, లేవడం, నడవడం మళ్ళీ మామూలే. రెండు రోజులు చూసి, మూడో రోజు కొట్టు మూసి ఆ ఊరి బస్సు ఎక్కాను. ముప్ఫై ఏళ్ళు ఆమె తిరిగిన దారిలో నేను వెళ్ళడం అదే మొదటిసారి. కాలవ గట్టు వెంట బస్సు నెమ్మదిగా పోతుంది. మధ్యలో సీటు దొరికినా నిలబడే ఉన్నాను.

మిల్లు యజమాని గేటు దగ్గర కుర్చీలోనే ఉన్నాడు. నేనెవరో చెప్పాను. లేచి నిలబడ్డాడు.

"విన్నానండీ. రావాల్సింది. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీలేదు" అన్నాడు.

జేబులోంచి రసీదు తీసి చేతిలో పెట్టాను. చూసి, "ఇదేంటండీ? నాకెందుకు చూపిస్తున్నారు?" అన్నాడు.

"ఆరోజు మీరు అడిగారు కదండీ, పైవాటాకి ఎంత కడుతున్నారని. ఇదీ జవాబు. అప్పుడు ఆవిడకి తెలియదు. కొలతలు ఇచ్చేశానని నేనే ఆవిడతో అబద్ధం చెప్పాను. ఆ మాట మీకు చెప్పాలి."

ఆయన రసీదు తిరిగి నా చేతిలో పెట్టాడు. "అంటే ఆవిడ మీకేం చెప్పలేదా?"

"ఏది?"

"మర్నాడే వచ్చిందండీ. ఒక్కతే. బస్సు దిగి సరాసరి ఇక్కడికే. ముందురోజు విన్న హమాలీలు, డ్రైవర్లు అందరూ ఉన్నారో లేదో చూసుకుని మరీ చెప్పింది. 'నిన్న నేను చెప్పింది తప్పండీ, మా మేడకి కట్టట్లేదు. మా ఇంట్లో తప్పుందని మీ బాకీ చెల్లిపోదు. నోటీసు గడువు శనివారం' అని. మీ పేరెత్తలేదు. మావారు చెప్పలేదనీ అనలేదు. మా ఇంట్లో తప్పు అంది, అంతే."

"మీరేమన్నారు?"

"నేనేమంటానండీ? శుక్రవారం కట్టేశా. సిగ్గుపడి కాదు, ఉన్నమాట చెప్తున్నా. తన తప్పే నలుగురిలో చెప్పుకున్న మనిషి నన్ను వదులుద్దా? జప్తుకి నిజంగానే వచ్చేస్తదని అర్థమైంది." కుర్చీ నా వైపు జరిపాడు. "వెళ్తుంటే ఆపి అడిగా కూడా. మరి మీ మేడ సంగతేంటమ్మా అని. 'మావారు కడతారండీ. కాస్త నిదానం మనిషి, కానీ కడతారు' అంది."

మజ్జిగ తెప్పించాడు. తాగానో లేదో గుర్తు లేదు.

ఏడాదిపాటు ఆమె మౌనాన్ని నేను కోపం అనుకున్నాను. ఆమె నా తరఫున ఒక ఊరికి మాటిచ్చి ఊరుకుంది. ఆ మాట నేను నిలబెట్టేసరికి ఆమె లేదు. ఇది సర్దుకునేది కాదు. సర్దుకోవాలని కూడా నాకు లేదు.

బస్సుకి గంట టైముంది. కూర్చోబుద్ధి కాక ఏదో వీధిలోకి తిరిగాను. సాయంత్రం నీళ్ళు వదిలే వేళ. వీధి కుళాయి దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఉన్నారు. ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎవరింటికి బాబూ?" అంది.

"ఎవరింటికీ కాదమ్మా. మీకు పన్ను మేడమ్ అని ఉండేది చూడండీ..."

"అయ్యో, పోయిందంటగా ఆ తల్లి!"

"నేను వాళ్ళాయన్ని."

పెద్దావిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మొన్న కొత్త బిల్లులు పడేసిపోయారు బాబూ. ఎవురూ చెప్పలేదు. అందులో ఏదో ఎక్కువేశారు, అదేంటో తెలీట్లా. అమ్మగారుంటే కూచుని చెప్పేది. మీకు తెలుసుద్దా?"

"తెలుసమ్మా. మొన్ననే చూడటం నేర్చుకున్నాను."

"ఉండండి, తెస్తా" అని లోపలికి పరుగెత్తింది. పక్కావిడ కూడా వెళ్ళింది. "మాది కూడా చూడండి బాబూ" అంటూ మిగతావాళ్ళూ తలా ఒక గుమ్మంలోకి పోయారు. వీధిలో నేనొక్కణ్ణే మిగిలాను. పెద్దావిడ బిందె నిండి, నీళ్ళు పొర్లి రోడ్డు మీదికి పారుతున్నాయి. వంగి కుళాయి కట్టేశాను. బస్టాండు వైపు నుంచి హారన్ వినపడింది. ఏదో ఇంట్లో డబ్బాలు తీస్తున్న చప్పుడు, ఆ వెంటనే కేక:

"వెళ్ళిపోకండి బాబూ, దొరికింది!"